వరండాలో ఆరు నిమిషాలు

కొల్లేటి లంక,
9 ఫిబ్రవరి 2025

కుమారి వదినకి,

నీ ఆడపడుచు వరహాలు రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, నా మోకాళ్ళు తప్ప. అక్కడ మీరూ క్షేమమే అనుకుంటున్నాను. కాకపోతే మా చిట్టిబాబు అన్నయ్య ఈపాటికి ఫోన్లో ఏడ్చేసి ఉండేవాడు.

ఫోనుండగా ఉత్తరాలేంటని నవ్వకు. మా ఇంట్లో ఫోను మోగితే చాలు, మా ఆయన స్పీకరు పెడతాడు. నేను అన్న మాట ముందు ఆయన వింటాడు, తర్వాత చెరువుగట్టు వింటుంది, సాయంత్రానికి ఆకివీడు వింటుంది. మీ ఇంట్లో ఫోను పొద్దున్నే అన్నయ్యతో పాటు చేపల కొట్టుకి పోతుంది. అందుకని చేపల వ్యాను జోగారావు చేతికి ఇస్తున్నాను. రోజూ తెల్లారేసరికి మా చెరువు దగ్గర్నుంచి మీ తాడేపల్లిగూడెం వస్తాడు కదా. కాగితం నీచువాసన వేస్తే ఏమనుకోకు. నువ్వూ నేనూ పుట్టిన ఊరి వాసనే అది.

సంగతేంటంటే, ఏలూరు పెద్దాసుపత్రిలో మోకాళ్ళు చూపించుకున్నాను. రెండూ అరిగిపోయాయంట. కుడిది ముందు మార్చేద్దాం అన్నాడు ఎముకల డాక్టరు. నేను సంతోషించేలోపే మత్తు డాక్టరమ్మ వచ్చి నన్ను కిందనుంచి పైకీ, పైనుంచి కిందకీ చూసి, "ఈ బరువుకి మత్తివ్వాలంటే ముందు గుండె, ఊపిరి ఎంతవరకూ తట్టుకుంటాయో కొలవాలమ్మా" అంది. ఊపిరి కొలవడం ఏంటి వదినా, తవుడా కుంచంతో కొలవడానికి?

నవ్వులాటకి రాస్తున్నానుగానీ లోపల భయంగానే ఉంది. నేను దోనె ఎక్కి ఏడాదైంది. గట్టు దిగి దోనెలో కాలు పెట్టేసరికి మోకాలు ఒప్పుకోదు. చేతులకి ఏ రోగమూ లేదు. దోనె తోసే గెడ చేతికిస్తే పొద్దెక్కకుండా చెరువంతా తిరిగి నీళ్ళలో వేలాడే మేత సంచులన్నీ నింపి వచ్చేదాన్ని, నీకు తెలుసు. ఇప్పుడు మా ఆయన వేస్తున్నాడు మేత. సగం తవుడు చేపలకి, సగం కాకులకి. "ఆపరేషన్ కాదంటే ఆ దోనె సూర్యనారాయణకి అమ్మేద్దాం, ఊరికే ఎండకి పగిలిపోతోంది" అంటున్నాడు. ఆ సూర్యనారాయణ అప్పుడే వచ్చి, పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు దోనె చుట్టూ తిరిగి చూసి వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నగలొద్దు, చీరలొద్దు వదినా, ఆ దోనె ఉంటే చాలు నాకు. గురువారం కొలుస్తారంట. ఎలా వెళ్ళాలో, ఏం మాట్లాడాలో రాయి. పట్నం మర్యాదలు నీకు తెలిసినట్టు నాకు తెలియవు.

నీ వరహాలు

—

తాడేపల్లిగూడెం,
11 ఫిబ్రవరి 2025

మోకాళ్ళు తప్ప మిగతాదంతా క్షేమంగా ఉన్న వరహాలు వదినకి,

ఉత్తరం అందింది. జోగారావు దాన్ని మంచు పెట్టెలో శీలావతి చేపల మధ్య పెట్టి తెచ్చాడు. ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టుకుని చదివాను. మీ అన్నయ్య "ఇంట్లో చేపలు ఇస్త్రీ చేస్తున్నావేంటే" అని అడిగాడు.

ఇప్పుడు చెప్తాను, చెవిన పెట్టు. మొదటిది, ఆ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకో. పేదవాళ్ళలా కనబడితే డాక్టర్లు తొందరగా పంపించేస్తారు. రెండోది, ఖాళీ కడుపుతో వెళ్ళకు. రెండు దిబ్బరొట్టెలు తిని వెళ్ళు. మూడోది, అక్కడ ఎవరేం అడిగినా "అవునండీ" అను. నీకు ఎదురు చెప్పే జబ్బుంది. మోకాలి జబ్బుకన్నా పాతది అది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. గురువారాలు మా మణెమ్మ పిన్ని ఆ ఆసుపత్రికే షుగరు చూపించుకోడానికి వస్తుంది. నిరుడు ఆకివీడు పెళ్ళిలో నువ్వు లడ్డూల పళ్ళెం పట్టుకుని ఆవిడ ముందునుంచి పలకరించకుండా పోయావని, ఏడాది పొడుగునా నన్ను ఆడిపోసుకుంది. "మీ ఆడపడుచుకి కొల్లేరంత ఒళ్ళుంది గానీ కొబ్బరి చిప్పంత మర్యాద లేదే" అని. ఈసారి ఆవిడే కాదు, తెలిసినవాళ్ళు ఎవరు కనబడినా సరే, ఏ పనిలో ఉన్నా సరే, ఆగి, బాగోగులు అడిగి, అప్పుడు కదులు. మర్యాద చేసి చెడిపోయినవాళ్ళు లేరు.

దోనె సంగతి దిగులు పడకు. నీ ఊపిరి నాకు తెలుసు. చిన్నప్పుడు నన్ను ఈ గట్టునుంచి ఆ గట్టు దాకా తిట్టుకుంటూ తరిమేదానివి, ఎక్కడా ఆగేదానివి కాదు.

మీ వదిన,
కుమారి

—

కొల్లేటి లంక,
14 ఫిబ్రవరి 2025

వదినా,

అయిపోయింది. నా పని అయిపోయింది.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. పట్టుచీర కట్టాను. దిబ్బరొట్టెలు తిన్నాను. ఆసుపత్రిలో పొడుగాటి వరండా ఉంది. రెండు చివర్లా రెండు పచ్చ డబ్బాలు పెట్టి, హేమంత్‌కుమార్ అనే కుర్రాడు చేతిలో గడియారం పట్టుకుని నిలబడ్డాడు. "ఆరు నిమిషాలు ఈ డబ్బా నుంచి ఆ డబ్బాకి అటూ ఇటూ నడవండి అమ్మా. ఎంత దూరం నడవగలరో అంత. ఆయాసం వస్తే ఆగొచ్చు" అన్నాడు. ఇంతేనా అనుకున్నాను.

మొదటి చుట్టులోనే మీ మణెమ్మ పిన్ని బల్ల మీద కూర్చుని కనబడింది! నీ మాట నిలబెట్టాను వదినా. ఆగి, చెయ్యి పట్టుకుని, షుగరెలా ఉంది, కోడలు పుట్టింటినుంచి వచ్చిందా, గేదె ఈనిందా, అన్నీ అడిగాను. ఆవిడ మొహం మతాబాలా వెలిగిపోయింది. పెయ్యదూడ పుట్టిందంట. నాలుగడుగులు వేశానో లేదో ఐసు ఫ్యాక్టరీ గుమాస్తాగారు. ఆయన్నీ అడిగాను. అటు తిరిగి ఇటొస్తే మళ్ళీ పిన్ని. చూసీ చూడనట్టు పోతే బాగుండదని దూడ పేరేం పెట్టారో అడిగాను. ఆ కుర్రాడు దగ్గరకొచ్చి "ఆయాసంగా ఉందా అమ్మా?" అన్నాడు. ఎదురు చెప్పొద్దన్నావు కదా, "అవునండీ" అన్నాను.

తర్వాత డాక్టరమ్మ కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. ఇంత తక్కువ దూరం నడిచినవాళ్ళకి మత్తివ్వడం ప్రమాదమంట. గుండె, ఊపిరి బాగా బలహీనంగా ఉన్నాయేమో అంట. ముందు బరువు తగ్గమంది, గుండె డాక్టరుకి చూపించమంది, మోకాలి సంగతి తర్వాత అంది.

మా ఆయన దారంతా తల పట్టుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చాక బిందె ఎత్తనివ్వడు, చీపురు పట్టనివ్వడు, కూరలో ఉప్పు వేయనివ్వడు. ఆదివారం కాక పై ఆదివారం సూర్యనారాయణని దోనె తీసుకుపొమ్మని చెప్పేశాడు. "నీ ప్రాణం కన్నా ఎక్కువా అది" అంటాడు. ఎక్కువో తక్కువో, ఏం చెప్పను? నిన్న దోనెని చూసి ఏడ్చాను. చూశావా, ఎప్పుడైనా ఏడ్చానా నేను?

నీ వరహాలు

—

తాడేపల్లిగూడెం,
17 ఫిబ్రవరి 2025

నా బంగారు వదినా,

నీ ఉత్తరం తడిసి సగం అక్షరాలు అలుక్కుపోయాయి. "అయిపోయింది, నా పని అయిపోయింది" అన్నది మాత్రం శుభ్రంగా కనబడింది. "గుండె", "బలహీనం", "ప్రాణం" కనబడ్డాయి. ఇంకేం చదవాలి తల్లీ!

మీ అన్నయ్యకి చెప్పాను. తప్పు నాదే, కొట్టులో చెప్పకుండా ఇంటికొచ్చాక చెప్పాల్సింది. కాటా మీద బొచ్చె చేప పెట్టుకుని, "మా చెల్లెలికి గుండె ఫెయిలైందండీ" అని బావురుమన్నాడు. బజారు బజారంతా వచ్చి ఓదార్చింది. కొన్న చేపకి డబ్బులివ్వకుండా ఓదార్చి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. మార్కెట్ యార్డులో హమాలీలు నీ ఆత్మశాంతికి నిమిషం మౌనం పాటించబోతే, ఇంకా ఉంది అని జోగారావు ఆపాడంట.

వదినా, ఒక మాట. మా అత్తగారు పోతూ పోతూ ఆ ఇత్తడి గంగాళం నీకిచ్చారు. కోడలిని నేనుండగా కూతురికివ్వడమేంటని పాతికేళ్ళుగా కడుపులో పెట్టుకున్నాను. ఇప్పుడు మనస్ఫూర్తిగా క్షమించేశాను. దాని గురించి నీకేమీ బెంగ అక్కర్లేదు. ప్రశాంతంగా ఉండు.

ఉలవలు, వెల్లుల్లి పంపిస్తున్నాను. మీ ఆయన దుర్గారాజు అన్నయ్యగారిని ధైర్యంగా ఉండమను.

కన్నీళ్ళతో,
కుమారి

—

కొల్లేటి లంక,
19 ఫిబ్రవరి 2025

గంగాళం వదినకి,

నేను బతికే ఉన్నాను. రాత్రి చేపల పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నాను. ఉప్పు మా ఆయన చూడకుండా వేసుకున్నాను.

నిన్నటినుంచి మా ఇంటికి జనం వరస కట్టారు. ఒకావిడ బత్తాయిలు తెచ్చి, నేనే తలుపు తీసేసరికి ఎవరికివ్వాలో తెలియక వెనక్కి పట్టుకుపోయింది. నోట్లో నువ్వుగింజ నానదే మీ ఇద్దరికీ! ఇక ఆ గంగాళం. ఇప్పటిదాకా నీకు కోపమున్నట్టే తెలియదు నాకు. నీ మన్నింపు నువ్వే ఉంచుకో. అందులో రోజూ గేదెలకి కుడితి పెడుతున్నాను.

తిట్టడం అయింది. ఇప్పుడు సరిగ్గా విను. నిన్న మా ఆయన లేని సమయం చూసి రెండు నీళ్ళబిందెలు ఎత్తి వంటింట్లోకి తెచ్చాను. ఊరికే, చూద్దామని. ఆయాసం రాలేదు వదినా. మోకాలు మాత్రం అమ్మో అంది. తర్వాత అరుగు మీద కూర్చుని రోకలి పట్టి సోలెడు పిండి దంచాను. చెమట పట్టిందిగానీ ఊపిరి నిమ్మళంగానే ఉంది. మరి ఆ వరండాలో ఏమైంది నాకు? ఇంట్లో బాగున్న గుండె ఏలూరు వెళ్ళగానే ఎందుకు చెడింది?

ఎవర్ని అడగను? ఆదివారం సూర్యనారాయణ తాడు పట్టుకుని వస్తాడు. నిజంగానే నేను పోతానా? పోయేదాన్నయితే ఒక్కసారి దోనె ఎక్కించి పంపమను మా ఆయన్ని.

వరహాలు

—

తాడేపల్లిగూడెం,
20 ఫిబ్రవరి 2025

ఓసి పిచ్చి వరహాలూ,

నీ దుంపతెగ! నా దుంప కూడా తెగ!

ఇవాళ పొద్దున్నే మణెమ్మ పిన్ని గురువారం ఆసుపత్రి కూడా మానుకుని బస్సెక్కి వచ్చింది. నీ చావు కబురుకి వచ్చిందేమో అనుకున్నాను. కాదు, నిన్ను మెచ్చుకోడానికి వచ్చింది. "ఎంత మర్యాదే మీ ఆడపడుచుకి! రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ చెయ్యి పట్టుకుంది. నా కోడలు ఏడాదంతా అడగనివి అడిగింది. పాపం, పక్కన ఎవరో కుర్రాడు గడియారం పట్టుకుని తొందరపెడుతున్నా లెక్కచెయ్యలేదు" అంది.

ఆ గడియారం మాట వినగానే నా చేతిలో గరిటె జారింది. పాత ఉత్తరం తీసి, దీపం ముందు పెట్టి, అలుక్కుపోయిన అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివాను. వదినా, వాళ్ళు నీకిచ్చింది ఆరు నిమిషాలు. అందులో షుగరు, కోడలు, గేదె, పెయ్యదూడ, దూడ పేరు, ఐసు ఫ్యాక్టరీ! ఇక నడిచిందెప్పుడు? నువ్వు ఆగినప్పుడల్లా ఆయాసంతో ఆగావని రాసుకున్నాడు ఆ కుర్రాడు. అడిగితే నువ్వు "అవునండీ" అన్నావు! వాళ్ళు కొలిచింది నీ ఊపిరిని కాదే, నేను నూరిపోసిన మర్యాదని.

ఇదంతా నా నోటి చలవే. ఒప్పుకుంటున్నాను, ఒక్కసారే, మళ్ళీ అడగకు. సోమవారం ఏలూరు వెళ్ళు. డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పు. సిగ్గుపడకు. ఈసారి ఖాళీ కడుపో నిండు కడుపో వాళ్ళనే అడుగు, నన్నడక్కు.

ఆదివారం సంగతి నాకొదిలెయ్యి. మీ అన్నయ్యని పంపిస్తున్నాను. పొద్దున్నే వచ్చి దోనెలో కూర్చుంటాడు. ఆయన కూర్చున్నాక లేపడం ఎవరి తరమూ కాదని నీకు తెలుసు.

సగం నవ్వుతూ, సగం చెంపలేసుకుంటూ,
కుమారి

—

కొల్లేటి లంక,
2 మార్చి 2025

మర్యాదల వదినకి,

వరసగా చెప్తాను, మధ్యలో నవ్వకు.

అన్నయ్య ఆదివారం వచ్చి, మాటా పలుకూ లేకుండా దోనె మధ్యలో మఠం వేసుకుని కూర్చున్నాడు. సూర్యనారాయణ బతిమాలాడు. మా ఆయన బతిమాలాడు. అన్నయ్య "మా చెల్లెలు దిగమంటే దిగుతాను" అన్నాడు. నేను అనలేదు. మధ్యాహ్నం భోజనం కూడా దోనెలోకే పంపించాను. సూర్యనారాయణ తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం అన్నయ్యని లేపడానికి నలుగురు పట్టారు. అది వేరే కథ.

సోమవారం డాక్టరమ్మకి గేదె ఈనిన దగ్గర్నుంచీ అంతా చెప్పాను. ఆవిడ మొహం కాగితంతో కప్పుకుని నవ్వింది. తర్వాత సాయిప్రియ అని ఇంకో చిన్న డాక్టరమ్మ దగ్గరకి పంపింది. ఆ పిల్ల నా మోకాళ్ళు చూసి, "మీకు అసలు నడక పరీక్ష సరిపోదండీ. నడిపిస్తే ముందు మోకాలు ఆగిపోతుంది, గుండె సంగతి తెలియకుండానే పరీక్ష అయిపోతుంది. కూర్చోబెట్టి చేయిద్దాం" అంది.

కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా సైకిలు పెడళ్ళలాంటివి పెట్టింది. కాళ్ళతో కాదు, చేతులతో తిప్పాలి! ముక్కూ నోరూ కలిపి ఒక తొడుగు బిగించి, దానికో గొట్టం పెట్టింది. పీల్చిన గాలి, వదిలిన గాలి మిషనే లెక్కపెట్టుకుంటుందంట. ఆ తొడుగుతో మాట్లాడ్డం కుదరదు. హేమంత్‌కుమార్ దాన్ని బిగిస్తూ, "ఇంతకన్నా మంచి ఉపాయం లేదండీ మీకు" అన్నాడు, భడవా.

తిప్పాను వదినా. మొదట తేలిక, తర్వాత బరువు పెంచుకుంటూ పోయారు. గెడ బురదలో దిగబడినప్పుడు లాగుతామే, అలాంటి బరువు. నాకు కొల్లేరు గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని గెడ వేస్తున్నాననుకుని తిప్పేశాను. చాలమ్మా, చాలమ్మా అని వాళ్ళే ఆపారు.

కాగితం వచ్చింది. మా ఆయన దాన్ని లాక్కుని చూసి, ఒక అంకె ఎర్రగా ఉండటంతో "చూశావా, మళ్ళీ ఫెయిలే" అని నీరుగారిపోయాడు. సాయిప్రియ వచ్చి, "అది మొత్తం గాలిని ఒంటి బరువుతో భాగించిన అంకె బాబాయిగారూ. కష్టపడేది కండ, గాలి వాడుకునేదీ ఎక్కువగా అదే. కొవ్వు వాడుకునేది బాగా తక్కువ. అయినా భాగించేటప్పుడు దాన్నీ కలిపేస్తాం. అందుకని లావుగా ఉన్నవాళ్ళకి ఆ అంకె ఎప్పుడూ చిన్నగానే కనబడుతుంది. అసలు మొత్తం చూడండి" అని పక్క అంకె చూపించింది. మా ఆయనకి అర్థం కాలేదు. నేను చెప్పాను: "కుండెడు పులుసు మనిద్దరికీ వడ్డిస్తే గిన్నె నిండుతుంది. పెళ్ళివారందరికీ వడ్డిస్తే తలా ఒక చుక్క. పులుసు తగ్గిందా? విస్తళ్ళు పెరిగాయి." ఆ పిల్ల చప్పట్లు కొట్టింది.

"బరువు తగ్గితే మోకాళ్ళకి మంచిది, తగ్గండి. కానీ ఈ గుండె ఆపరేషన్‌కి తట్టుకుంటుంది" అని మత్తు డాక్టరమ్మ సంతకం పెట్టింది. వదినా, ఆ మాటకి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నన్ను చూసినవాళ్ళందరూ నా ఒళ్ళే చూశారు. లోపల ఏముందో చూసింది ఆ గొట్టం ఒక్కటే.

ఇంకొకటి. మా ఆయన, "ఇందులో ఏముంది, నేనూ తిప్పుతా" అని సరదాకి కూర్చున్నాడు. ఈనుపుల్లలా ఉంటాడు కదా, తనకేం తక్కువని. కాసేపటికే నాలుక బయటపెట్టి చెయ్యి ఊపేశాడు. చుట్టలు మానమని సాయిప్రియ క్లాసు పీకింది. దారంతా మళ్ళీ తల పట్టుకుని కూర్చున్నాడు. ఈసారి నాకు హాయిగా ఉంది.

ఏప్రిల్లో ఆపరేషన్.

నీ వరహాలు

—

తాడేపల్లిగూడెం,
5 మార్చి 2025

నిండు ఊపిరి వదినకి,

సంతోషం పట్టలేక వీధంతా పాయసం పంచాను. మీ అన్నయ్య నడుము పట్టేసి పడుకున్నాడు, అయినా "దోనె దక్కిందా లేదా" అని గర్వంగా అడుగుతున్నాడు.

నువ్వు బతుకుతావని తేలింది కాబట్టి, గంగాళం విషయంలో ఇచ్చిన మన్నింపు వెనక్కి తీసుకుంటున్నాను. అందులో కుడితి పెడతావా?

ఆపరేషన్‌కి మణెమ్మ పిన్ని కూడా వస్తానంటోంది. నువ్వంటే ఇప్పుడు ప్రాణం పెడుతోంది. ఎలా ఆపాలో తెలియట్లేదు.

కుమారి

—

కొల్లేటి లంక,
13 జులై 2025

కుమారి వదినకి,

నీకు ముందొక మాట వస్తుంది, తర్వాత ఈ ఉత్తరం వస్తుంది. ఉత్తరం నమ్ము.

మొన్న గురువారం కొత్త మోకాలు చూపించుకోడానికి ఏలూరు వెళ్ళాను. అదే వరండా, అవే పచ్చ డబ్బాలు, అదే హేమంత్‌కుమార్. "ఇప్పుడు నడవొచ్చు మీరు. ఆరు నిమిషాలమ్మా. దణ్ణం పెడతాను, ఎవర్నీ పలకరించకండి" అన్నాడు. సరే అన్నాను. మొదలుపెట్టాను. మొదటి చుట్టులోనే బల్ల మీద ఎవరనుకున్నావు?

"ఏమే వరహాలూ!" అంది పిన్ని, చెయ్యి చాపి. నా మెడ తిరగబోయింది వదినా, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. పళ్ళు బిగపట్టి, ఎదుటి డబ్బానే చూస్తూ పోయాను. రెండోసారి, "నేనే, మణెమ్మని" అంది. పోయాను. మూడోసారి ఆవిడ లేచి దారికి అడ్డంగా నిలబడింది. చుట్టూ తిరిగి పోయాను! మోకాలు కిర్రుమనలేదు, నొప్పి పెట్టలేదు. ఆ కుర్రాడి గడియారం గంట కొట్టేసరికి వరండా అంతా నన్నే చూస్తోంది. వెనక్కి తిరిగి పిన్ని కోసం చూస్తే ఏదీ, వెళ్ళిపోయింది. ఈపాటికి నీ ఇంట్లో కూర్చుని కొల్లేరంత ఒళ్ళు, కొబ్బరి చిప్పంత మర్యాద అని పాడుతూ ఉంటుంది.

ఎంత దూరం నడిచానో కాగితం మీద రాశారు. నేను చూడలేదు. నాకు కావలసింది చూసుకోడానికి ఇంటికొచ్చేశాను.

ఇవాళ పొద్దున గట్టు దిగాను. మా ఆయన చెయ్యి అందించబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో వెనక్కి తీసుకున్నాడు. దోనెలో కాలు పెట్టాను. అది కొంచెం ఒరిగింది, నేనేనని తెలిసి సర్దుకుంది. గెడ దింపగానే చేపలు పైకొచ్చేశాయి వదినా, ఏడాదిన్నరైనా మర్చిపోలేదు. చెరువు మధ్యకి వెళ్ళి గట్టిగా అరిచాను, ఊరికే, ఊపిరి ఉంది కదా అని.

పిన్నిని వచ్చే ఆదివారం వెంటబెట్టుకురా. గంగాళం తోమించి పెట్టాను, అదీ పట్టుకుపో. పిన్నిని దోనెలో నా ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ పెయ్యదూడ దగ్గర్నుంచి మొదలుపెట్టి అందరి బాగోగులూ అడుగుతాను. ఆరు నిమిషాలు అయిపోయాయని చెరువు మధ్యలో ఎవరూ గంట కొట్టరు.

నీ వరహాలు